సేఠ్‌గారి హిసాబ్‌లో లేని తక్లీఫ్

రంజాన్ చివరి పదిరోజుల్లో మన బట్టల బజార్ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. రాత్రి పన్నెండు దాటినా దుకాణాల్లో కాలు పెట్టే జాగా ఉండదు. కౌంటర్ వెనక ఆడపిల్లలు నిలబడి థాన్ మీద థాన్ విప్పి చూపిస్తూనే ఉంటారు. వాళ్లలో ఒకమ్మాయి మా గల్లీ పిల్ల. పోయినేడు ఈద్ తర్వాత వాళ్ల అమ్మీ మా ఇంటికొచ్చింది.

"భాయ్, పిల్లకి జ్వరం, మూత్రంలో మంట. నీళ్లు బాగా తాగమన్నాడు డాక్టర్. తాగితే ఎక్కడికి పోవాలి? దుకాణంలో బాత్రూమ్ లేదు. ఇఫ్తార్ తర్వాత కూడా ఒక గ్లాసుతో సరిపెట్టుకుందంట."

సిగ్గేసింది. ఆ దుకాణంలోనే మేం ఇంటిల్లిపాదికీ ఈద్ బట్టలు తీసుకున్నాం. మూడు గంటలు కూర్చుని బేరాలాడాం. ఆ పిల్ల మాత్రం నిలబడే ఉంది. నాకు ఈ ఖయాలే రాలేదు.

బజార్ వ్యాపారుల మీటింగ్ జరిగితే వెళ్లాను. ఇజ్జత్ గురించి, ఇన్సాఫ్ గురించి దిల్ విప్పి మాట్లాడాను. అందరూ తలలూపారు. "సహీ బాత్ భాయ్, మనకూ బిడ్డలున్నారు" అన్నారు. ఇంతలో చాయ్ వచ్చింది. చాయ్ అయ్యేసరికి మాట బండ్ల పార్కింగ్ మీదికి మళ్లింది. బాత్రూమ్ సంగతి ఆ కప్పుల్తో పాటే లోపలికి పోయింది.

ఆ రాత్రి కోపంతో ఇంటికొచ్చాను. నెమ్మదిగా ఆలోచిస్తే నా గల్తీ కనబడింది. ఆ సేఠ్‌లు జాలిమ్‌లు కారు. పొద్దున షట్టర్ తీసినప్పట్నుంచీ కిరాయి, జీఎస్టీ, సూరత్ నుంచి రావాల్సిన మాల్, రావాల్సిన బకాయి - ఇవే వాళ్ల బుర్రలో తిరుగుతుంటాయి. ఆ లిస్టులో లేనిది వాళ్ల కంటికి మస్లాగా కనబడదు. నేను చెప్పింది వాళ్లకి వేరేవాళ్ల తక్లీఫ్. విని "అయ్యో" అన్నారు. అంతటితో జిమ్మేదారీ తీరిపోయిందనుకున్నారు.

రెండోసారి కాయితం, పెన్ను పట్టుకుని వెళ్లాను. "చాచా, మీ దగ్గర నలుగురు అమ్మాయిలున్నారనుకోండి. బస్టాండ్ దాకా పోయి రావడానికి ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు. రోజుకి రెండుసార్లు. మొత్తం 160 నిమిషాలు. నెలకి 26 రోజులేసుకుంటే 69 గంటలు. ఆ జీతం మీ గల్లాలోంచే పోతోంది కదా?" చాచా కళ్లద్దాలు పెట్టుకుని కాయితం తనవైపు లాక్కున్నారు.

"షాదీ బట్టలకి ఒక ఖాన్‌దాన్ వస్తుంది. దాదీ ఉంటుంది, చిన్నపిల్లలుంటారు. గంట తర్వాత పిల్లవాడు ఏడుస్తాడు, దాదీ ఇబ్బంది పడుతుంది. సగం చూసిన చీరలు వదిలేసి లేచిపోతారు. మళ్లీ మీ దుకాణానికే వస్తారని గ్యారంటీ ఏంటి? ఇక మాల్ తెలిసిన, గాహక్ మొహం గుర్తుపెట్టుకునే పిల్ల జబ్బుతో మానేస్తే కొత్తామెకి నేర్పడానికి ఎన్ని నెలలు పడుతుంది?"

ఈసారి చాయ్ వచ్చినా మాట మళ్లలేదు. "మెట్ల కింద జాగా సరిపోతుందా? నీళ్ల కనెక్షన్ ఎవరి పేరు మీద తీసుకోవాలి? రోజూ సాఫ్ చేసేదెవరు? ఇరవై దుకాణాలూ పంచుకుంటే తలా ఎంత పడుతుంది?" అని అడిగారు. వ్యాపారి ఖర్చెంతని అడిగాడంటే మస్లా ఉందని ఒప్పుకున్నట్టే.

అయితే హిసాబ్ చూపిస్తే చాలని నేననడం లేదు. బజార్ చివర్లో ఒక చిన్న గాజుల దుకాణం ఉంది. అక్కడ ఒకే అమ్మాయి పనిచేస్తుంది. నా లెక్క అక్కడ పనిచెయ్యదు. నఫా తేలలేదని ఆ పిల్లకి అవసరం లేకుండా పోతుందా? హిసాబ్ సేఠ్ చెవి తెరవడానికి మాత్రమే. అసలు సంగతి హక్. అది నఫా ఉన్నా లేకపోయినా ఇవ్వాల్సిందే. ఈ మాట దాచిపెట్టి లెక్కలే చూపిస్తే, రేపు ఇంకెవరో ఎదురు లెక్క చూపిస్తారు. అప్పుడు మన దగ్గర జవాబుండదు.

కోళికోడ్‌లో మిఠాయి తెరువు అనే పాత బజార్ ఉంది. అక్కడి దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు కూడా బాత్రూమ్ లేక నీళ్లు తాగడం మానేసేవారు. విజి అనే దర్జీ ఆమె వాళ్లని కూడగట్టింది. ముందు బాత్రూమ్ అడిగారు, తర్వాత పనివేళల్లో కూర్చునే హక్ అడిగారు. ఏళ్ల తరబడి అడిగారు. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని మార్చి పనివాళ్లకి కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు కూడా అలాంటి చట్టమే తెచ్చింది. అక్కడ తక్లీఫ్ పడ్డవాళ్లే నోరు విప్పారు. వాళ్ల తరఫున నాలాంటి వకీల్ ఎవరో వెళ్లి మాట్లాడి వదిలెయ్యలేదు.

మా మీటింగ్‌లో ముప్ఫైమంది మగవాళ్లం ఉన్నాం. ఒక్క ఆడకూతురు లేదు. నేను కూడా పిలవలేదు. ఇది నా రెండో గల్తీ.

ఇది చదివే ఇళ్లల్లో దుకాణం నడిపే అబ్బాజాన్‌లున్నారు, దుకాణంలో పనిచేసే బిడ్డలూ ఉన్నారు. ఒక్కోసారి ఇద్దరూ ఒకే ఖాన్‌దాన్‌లో ఉంటారు. ఈ రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర ఒక సవాల్ అడగండి: "మన దుకాణంలో అమ్మాయిలు ఎక్కడికి వెళ్తున్నారు?" చాలామంది సేఠ్‌లకి జవాబు తెలియదు. తెలియకపోవడం గునాహ్ కాదు. తెలిశాక ఖామోష్‌గా ఉంటేనే గునాహ్.

మెట్ల కింద జాగా కొలిచారు. పని ఇంకా మొదలవలేదు. వచ్చే నెల మళ్లీ మీటింగ్. ఈసారి ఆ పిల్లా, వాళ్ల అమ్మీ కూడా వస్తామన్నారు. నేను వెనక కుర్చీలో కూర్చుంటాను.