పరాయివాని పేరుతో అడిగే ప్రశ్న

మన పురుషులు విచారించడంలో వెనుదీయరు. భూమి ధరలను గూర్చి, పెండ్లి సంబంధాలను గూర్చి, రాజకీయాలను గూర్చి హోటలులో ఒక్క కప్పు చాయ్ ముందు గంటల తరబడి ఆరా తీయగలరు. కాని తమ దేహాన్ని గూర్చి అడగవలసి వచ్చేసరికి ఆ నోళ్ళే మూతపడుతాయి. నోటి క్యాన్సరును గూర్చి మగవారికి తెలియదని, కనుక ఉపన్యాసాలు ఇప్పించాలని పెద్దలు తలుస్తారు. నేను ఏకీభవించలేను.

2016 ఏప్రిల్ నుండి పొగాకు పొట్లాలపై నూటికి 85 పాళ్ళ మేర భయంకరమైన బొమ్మలు అచ్చవుతున్నాయి. ఆ అలవాటు మానదలచిన వారు ఉచితంగా మాట్లాడడానికి 1800-11-2356 అనే ఫోను సంఖ్యను కూడ 2018 సెప్టెంబరు నుండి వాటిపైనే ముద్రిస్తున్నారు. ఐతే జర్దా తమలపాకులో చుట్టబడి చేతికి వస్తుంది, బీడీ విడిగా వస్తుంది. పొట్లం మాత్రం కిళ్ళీ కొట్టువాని వద్దనే ఉండిపోతుంది! అది అటుంచండి. బొమ్మ చూసినవాడు సైతం అడగవలసిన చోట అడగడు.

మా మామూజాన్ దర్జీ. ముప్పది ఏండ్లు ఎడమ బుగ్గన జర్దా కిళ్ళీ పెట్టుకొని మిషను త్రొక్కిన మనిషి. ఆ బుగ్గలోనే పుండు పుట్టింది. ఆయన మొదట అడిగినది కిళ్ళీ కొట్టువానిని. సున్నం ఎక్కువై ఉంటుందని అతడు సున్నం తగ్గించి ఇచ్చాడు. పిదప మందుల దుకాణంలో అడిగితే వేడి చేసిందని బీకాంప్లెక్సు మాత్రలు చేతిలో పెట్టారు. మూడవసారి నన్ను అడిగారు. "బేటా, నువ్వు చదువుకున్నవాడివి. మా దుకాణంలో కుర్రవాడికి నోట్లో పుండు మానడం లేదు, ఏం చేయాలి?" అన్నారు. డాక్టరుకు చూపించమనండి మామూజాన్ అని చెప్పి, నా పనిలో నేను పడిపోయాను. అటువంటి కుర్రవాడు దుకాణంలో లేడని ఆరు నెలల తరువాత, హైదరాబాదులో ఆయన దవడలో కొంత భాగం తీసివేసిన నాడు గాని నాకు తెలియలేదు. అల్లాహ్ దయవల్ల బ్రతికి ఉన్నారు. ఆయన మాట మాత్రం ఇప్పుడు మా ముమానీకి తప్ప ఎవరికీ అర్థం కాదు.

ఆయన అబద్ధమాడారని నేను అనను. పుండును గూర్చి అడిగితే అలవాటును ఒప్పుకొన్నట్లవుతుంది. అలవాటును ఒప్పుకొంటే అల్లుని ముందు తల వంచుకోవాలి. అందుచేత మగవాడు ప్రశ్నలోనుండి తనను తాను తప్పిస్తాడు. నేటి యువకుడు చేతిలోని ఫోనును అడిగినా అంతే. నోటిపూతకు మందేమిటని అడుగుతాడు గాని, జర్దా మాట చెప్పడు. అది తేనె రాయమంటుంది. ప్రశ్న సగమైనప్పుడు సమాధానం సగమే గదా.

ఇంకొక భ్రమ. తీపి సుపారీలో పొగాకు లేదు గనుక దోషం లేదని మన విందులలో పిల్లలకు సైతం పంచుతున్నాము. పొగాకు కలియకున్నా వక్క స్వయంగా క్యాన్సరు కారకమేనని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లోనే ప్రకటించింది. వక్క నమిలేవారికి కొందరికి నోరు క్రమంగా బిగుసుకొని, మూడు వ్రేళ్ళు నిలువుగా పట్టకుండా పోతుంది. అది, మూడు వారాలైనా మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ: వీటిలో ఏది కనిపించినా దంతవైద్యుని వద్దకు వెళ్ళవలసిందే.

ముప్పది నుండి అరువది ఐదేండ్ల వయసు వారికి ఐదేండ్లకొకసారి నోటి పరీక్ష జరగాలని 2016లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు వెలువరించింది. కాని పగటివేళ ఆశా కార్యకర్త ఇంటికి వచ్చేసరికి మగవాడు దుకాణంలో ఉంటాడు. పొగాకు అలవాటును గూర్చిన ప్రశ్నకు ఇల్లాలు ఏమని చెప్పగలదు? పరీక్ష పెద్ద యంత్రాలతో పని లేనిది. కేరళలో తిరువనంతపురం ప్రాంతాన 1996లో ఆరంభించి, శిక్షణ పొందిన పట్టభద్రులు వెలుతురు వేసి కంటితో చూసి పరీక్షించగా, పొగాకు లేక మద్యం అలవాటున్న వారిలో నోటి క్యాన్సరు మరణాలు సుమారు మూడవ వంతు తగ్గాయని 2005లో ప్రకటించారు. అలవాటు లేనివారిలో అటువంటి లాభం కనబడలేదు. అనగా ఎవడు దాచుకుంటున్నాడో వానికే ఈ పరీక్ష అవసరం.

ఇక కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. గుట్కాతో పట్టుబడిన విద్యార్థికి మనం జరిమానా విధిస్తున్నాము. దానివలన గుట్కా మానినవానిని నేను చూడలేదు. నోరు మూసుకొని వెనుక బెంచీలో కూర్చునేవారిని చూశాను. పుండు లేచినా వాడు మన వద్దకు రాడు. ఆ జరిమానాను రద్దు చేసి, ఏటా ఒక దినం ప్రభుత్వ దంతవైద్యుని పిలిపించండి. అలవాటు ఉన్నదా లేదా అని ఎవరినీ అడుగవద్దు. అందరి నోళ్ళూ చూడనివ్వండి. వార్షికోత్సవం నాడైతే తండ్రులు కూడ వస్తారు. అబ్బాజాన్‌ను నోరు తెరవమని కుమారుడు అడగడం మన అదబుకు సరిపడదు, వైద్యుడు అడగవచ్చు.

మొదటి కుర్చీలో అధ్యాపకులమే కూర్చుందాము. నేను వస్తాను. వక్కపొడి ఎరుపు నా పండ్లమీద కూడ ఉన్నదన్న సంగతి నా విద్యార్థులకు తెలియనిది కాదు.