పాత్ర వచ్చినది, పరిచారకుడేడి?

నూజివీడు ప్రాంతమున వేసవి వచ్చినదనిన తోటలలో చిన్నరసములు పండుట యెంత నిజమో, ఇండ్లలో ఆవకాయ జాడీలు ఎండలోనికి వచ్చుటయు నంత నిజము. జాడీని కడిగి, ఎండబెట్టి, పొడిగుడ్డతో తుడిచి, ముక్క నూనెలో మునుగుదాక విడువని యిల్లాలికి శాస్త్రగ్రంథములు తెలియకపోవచ్చును. తడిగరిటె యొక్కసారి తగిలినచో ఏడాది పచ్చడి బూజుపాలగునని మాత్రము ఆమెకు తెలియును. జాడీ కొనుట యొక దినపు పని. దానిని కాచుట సంవత్సరపు పని. ఈ సంగతిని మన విద్యాశాలలును, వానికి ధనమిచ్చు ప్రభుత్వములును ఇంకను గ్రహింపలేదని మా ఫిర్యాదు.

ఫెర్మెంటరు, లేక బయోరియాక్టరు, అనునది సూక్ష్మజీవులను పెంచు గాజు లేక ఉక్కు పాత్ర. టీకాలు, మందులు, తోటలకు మేలుచేయు ట్రైకోడెర్మా వంటి శిలీంధ్రములు దీనియందు తయారగును. మామిడిరసమును తేర్చు పెక్టినేజు అను ఎంజైమును సైతము ఒక నల్లబూజును పెంచియే తీయుదురు. ఇల్లాలు తరిమిన బూజునకు ఇచ్చట ఉద్యోగము దొరకినదన్నమాట! అట్టి పాత్ర నొకదానిని మేము వేరొక జిల్లాలోని ప్రయోగశాలలో చూచితిమి. ప్రారంభోత్సవమునాటి దండ యెండి దానికే వ్రేలాడుచున్నది. ఏల నడుపుట లేదని యడుగగా, మూతక్రింది రబ్బరు వలయము గట్టిపడి చిట్లినదనియు, క్రొత్తది కొనుటకు పద్దు లేదనియు చెప్పిరి. లక్షల సొమ్ము ఒక రబ్బరు ముక్క కొరకు మూలబడినది.

వలయము చిన్నదే, కాని దాని సందులో దూరునది చిన్నది కాదు. ఇ.కోలై అను సూక్ష్మజీవి అనుకూలస్థితిలో 20 నిముషములకు రెట్టింపగును. ఆ లెక్కను ఒక్క జీవి పది గంటలలో నూరుకోట్లు దాటును. కనుకనే పాత్రను 121 డిగ్రీల ఆవిరిలో 15, 20 నిముషములుంచి శుద్ధిచేయుదురు. ఆవిరి చేరని మూల యొక్కటి మిగిలినను శ్రమ వ్యర్థము. మాలిన్యము మొదటి గంటలలోనే కనబడిన శుద్ధియందో, వేసిన బీజమునందో దోషమును వెదకవలెను. రెండుమూడు దినముల పిమ్మట కనబడిన కదపు కడ్డీయొక్క సీలును, గాలివడపోతను, పోషకద్రవము నెక్కించు గొట్టమును అనుమానింపవలెను. బీజము వేయక, ద్రవమునకు రాత్రియెల్ల గాలి నిచ్చి కదపి, తెల్లవారి కలగినదా యని చూచుట మంచి పరీక్ష. నురుగు పొంగి వడపోతను తడిపిన గాలి సాగదు. ఆమ్లత్వమును కొలుచు ఎలక్ట్రోడును 4, 7 ద్రావణములతో సరిచూడక నమ్మినచో, అబద్ధపు సాక్ష్యమును విన్న న్యాయాధిపతివలె యంత్రము నిష్కారణముగ క్షారమును పోసి జీవులను చంపును.

ఐదు లీటర్లలో సాగినది ఐదువందల లీటర్లలో సాగునను నమ్మకమును లేదు. ఘనపరిమాణము నూరురెట్లు పెరుగగా, వేడిని వెలికిపంపు పైవైశాల్యము ఇరువదియొకటి, ఇరువదిరెండు రెట్లే పెరుగును. నీటిలో కరగు ఆక్సిజను లీటరునకు సుమారు 8 మిల్లీగ్రాములు. దట్టముగ పెరిగిన జీవులు దానిని నిముషము గడువకమునుపే త్రాగివేయును. ఇక కరెంటు పోయిన సంగతి మన పాఠకులకు మేము చెప్పవలెనా?

తెలుగువారి కీ విద్య అబ్బదనువారు భీమవరమున 1895లో జనించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరింతురుగాక. అమెరికాలో లెడర్లీ పరిశోధనలకు వారు నాయకులై యుండగనే 1948లో ఆరియోమైసిన్ లోకమునకు వెల్లడియైనది. హైదరాబాదున శాంతా బయోటెక్నిక్స్‌వారు 1997లో హెపటైటిస్-బి టీకాను దేశమున కందించిరి. ఆ పాత్రల వెనుక రాత్రులు మేల్కొని సీళ్లు మార్చినవారి పేర్లు ఏ శిలాఫలకముమీదను లేవు.

నూజివీడులో 2008లో నెలకొనిన రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణమున పల్లెబిడ్డలు వేలసంఖ్యలో ఇంజనీరింగు చదువుచున్నారు. ఇట్టివారికి పాత్రను అద్దములోనుండి చూపుట చదువు కాదు. విప్పనిండు, కడుగనిండు, చెడినప్పుడు కారణమును వారినే వెదకనిండు. మందలింపునకు వెరచి దాచిన వైఫల్యము మరుసటి యేట మరల వచ్చును గాన, చెడిన ప్రతి పర్యాయమును పుస్తకమున వ్రాయించుడు. పాత్రకు ధనమిచ్చు ప్రభుత్వము అదే యుత్తరువులో ఏటేటి సంరక్షణకు పద్దును, బీరువానిండ విడిభాగములను, నెలజీతముగల యొక మెకానిక్కును మంజూరు చేయవలెను. ఈ మూడును లేని యుత్తరువును విద్యాశాలలు త్రిప్పిపంపుట మేలని మా యభిప్రాయము.

పైన చెప్పిన ప్రయోగశాలవారు క్రొత్త వలయమును కొనినచో మాకు తెలియజేయుదురుగాక; సంతోషముతో ప్రకటింతుము.