వంతెన ముక్క, తగ్గింపు ధర, తెలుగు గంట



పిల్లల చేతికి ముక్కలు ఇవ్వడమంటే మన ఇండ్లలో పెద్దలు నొసలు చిట్లిస్తారు. పందెపు పేకాట కూల్చిన సంసారాలను మనమందరమూ చూచినవారమే కనుక ఆ భయాన్ని నేను తప్పుపట్టను. అయితే ఇక్కడ నేను సమర్థించబోయే ఆటకు పందెంతో సంబంధం లేదు. ఇది ముక్కలను ఒక్కొక్కటిగా కొని, తన కట్టను తానే పేర్చుకొనే ఆట. తెలుగు బోధనలో దీనికి చోటివ్వవలెననీ, ముఖ్యంగా ఇందులోని ధర తగ్గించే ముక్కలను పిల్లలచేత ఆడించవలెననీ నా అభిప్రాయం.

ఈ జాతి ఆటలకు దారి చూపినది 2008లో వెలువడిన 'డొమినియన్'. దానిని రూపొందించినవాడు అమెరికాకు చెందిన డొనాల్డ్ వాకరినో. మరుసటి ఏడు, 2009లో, జర్మనీవారు ఇచ్చే 'స్పీల్ దెస్ యారెస్' బహుమతి దానికి దక్కింది. ప్రతి ఆటగాడూ 7 రాగి ముక్కలతో, 3 చిన్న భూముల ముక్కలతో మొదలుపెడతాడు. వంతుకు 5 ముక్కలు చేతికి వస్తాయి. వంతుకు ఒక చర్య, ఒక కొనుగోలు. కొన్న ముక్క వాడిన ముక్కల గుట్టలోకి పోతుంది. కట్ట అయిపోగానే ఆ గుట్టను కలిపి మళ్ళీ మొదలు. 8 నాణేలు విలువ చేసే పెద్ద భూమి ముక్కలన్నీ అమ్ముడైతే ఆట ముగుస్తుంది. ఏవైనా మూడు గుట్టలు ఖాళీ అయినా ముగుస్తుంది. ఆ పెద్ద భూమికి నేను 'సీమ' అని పేరు పెట్టుకొన్నాను.

ఇక అసలు విషయం. ఈ ఆటకు 2009లో వచ్చిన అనుబంధంలో 'వంతెన' అనే ముక్క ఉన్నది. దాని ధర 4. దానిని ఆడితే ఒక నాణెం, ఒక అదనపు కొనుగోలు లభిస్తాయి. ఆ వంతులో అన్ని ముక్కల ధరలూ ఒక్కటి చొప్పున తగ్గుతాయి. మొదటిసారి చూచినవారు ఒక నాణెం తగ్గితే ఏమి ఒరుగుతుందని అనుకొంటారు. ఒకే వస్తువు కొనేవారికి నిజంగానే పెద్దగా ఒరిగేదేమీ లేదు. పాలక్కోడు సంతలో టమాటా కిలోకు 10 రూపాయలు తగ్గినదనుకోండి. ఒక కిలో కొనే ఇల్లాలికి 10 రూపాయలు మిగులుతాయి. 50 కిలోలు కొనే హోటలు యజమానికి 500 మిగులుతాయి. తగ్గింపు విలువ కొనుగోళ్ళ సంఖ్యతో గుణింపబడుతుంది. చేతిలో 16 నాణేలున్నా కొనుగోలు ఒక్కటే అయితే వచ్చేది ఒక్క సీమే.

వంతెన ప్రత్యేకత ఏమిటంటే అది ధరనూ తగ్గిస్తుంది, కొనుగోలునూ పెంచుతుంది. వేరే సొమ్మేమీ లేక వంతెనలు మాత్రమే ఆడినామనుకొని లెక్క వేయండి. 4 వంతెనలకు సీమ ధర 4, చేతిలో 4 నాణేలు: ఒక సీమ. 5 వంతెనలకు ధర 3, నాణేలు 5: అప్పుడూ ఒకటే. 6 అయితే ధర 2, నాణేలు 6: మూడు సీమలు. 7 అయితే ధర 1, నాణేలు 7: ఏడు సీమలు. 8 అయితే ధర సున్న, కొనుగోళ్ళు తొమ్మిది. ఇద్దరాడే ఆటలో ఉండే 8 సీమలూ ఒకే వంతులో మనవే. ఒకటి, ఒకటి, మూడు, ఏడు, ఎనిమిది! ఈ వరుసను నల్లబల్లమీద వ్రాసి 'ఎందుకిలా పెరిగింది?' అని అడగండి. జవాబు తెలుగులోనే చెప్పవలెను.

అయితే వంతెనలను గుడ్డిగా కొనరాదు. వంతుకు ఒకే చర్య కనుక చేతికి రెండు వంతెనలు వస్తే రెండవది వృథా. అందుకు 'పల్లె' ముక్క కావలెను. అది ఒక ముక్కనూ రెండు చర్యలనూ ఇస్తుంది. పల్లెలు లేని వంతెనలు చేతిలో బరువే. 'పెద్దబాట' అనే మరొక ముక్క ధర 5. అది ధర తగ్గించి, ఒక ముక్కనూ ఒక చర్యనూ తిరిగి ఇస్తుంది. కాని కొనుగోలును ఇవ్వదు. పెద్దబాటలు ఎన్ని పేర్చినా అదనపు కొనుగోలు వేరొక చోటినుండి రాకపోతే ఒక్క సీమతో తృప్తి పడవలసినదే. 'రాతిగని' చర్య ముక్కల ధరను మాత్రమే 2 తగ్గిస్తుంది. సీమ ధర చెక్కు చెదరదు. 'కార్ఖానా' 4 వరకు ధరగల ముక్కను ఊరకే ఇస్తుంది. నాలుగు వంతెనలు ముందు ఆడి, పిదప కార్ఖానా ఆడితే సీమ ఊరకే వస్తుంది. వరుస తారుమారైతే రాదు.

'మాత్రమే', 'వరకు', 'ముందు', 'పిదప' అన్న మాటలను గమనించినారా? నా వాదమంతా ఇక్కడనే ఉన్నది. మా పిక్కిలి వైపు తెలుగు కుటుంబాల పిల్లలు ఇంట తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదువుతారు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటవ తరగతినుండి ఏటేటా పైకి పాకి, 2015-16 నాటికి పదవ తరగతిని చేరినది. తమిళం నేర్వవద్దని నేననను. ఈ నేలమీద బ్రతికేవారికి అది అన్నం పెట్టే భాష. కాని తెలుగుకు మిగిలిన కొద్ది సమయాన్ని అక్షరాలు దిద్దించడానికీ, పద్యం వల్లె వేయించడానికీ మాత్రమే ఖర్చు చేస్తే, ఆ పిల్లవాడు లెక్కను, తర్కాన్ని, బేరాన్ని తెలుగులో ఎన్నడు చెప్పగలడు? 'కూడిక' అన్న మాట తెలియని తెలుగు పిల్లలు మన మధ్య ఉన్నారు.

ఈ ఆటలో ముక్కమీది వాక్యాన్ని సరిగా చదవనివాడు ఓడిపోతాడు. పెద్దబాటమీద మొదట 'ఇది బల్లపై ఉన్నంతవరకు' ధర తగ్గుతుందని ఉండేది. ఒక చర్యను రెండుమార్లు ఆడించే 'సింహాసనం' ముక్కతో దానిని ఆడినా బల్లపై ఉన్నది ఒకటే కనుక తగ్గింపు ఒకటే. వంతెనమీద 'ఈ వంతులో' అని ఉండుటచేత రెండు తగ్గుతుంది. 2022లో పెద్దబాట వాక్యాన్ని కూడ 'ఈ వంతులో' అని మార్చినారు. ఒక పదబంధం మారితే గెలుపోటములు మారడం! వ్యాకరణ పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

లిపి సంగతి కూడ చెప్పవలెను. తమిళ లిపిలో క, గలకు అక్షరం ఒకటే, త, దలకు ఒకటే, ఒత్తక్షరాలు లేవు. అందుచేత తమిళంలో ముందుగా చదువు నేర్చిన పిల్లలు 'గని'ని 'కని' అనీ, 'ధర'ను 'తర' అనీ వ్రాయడం సహజం. కట్ట తిరిగి తిరిగి చేతికి వచ్చే ఆట కావడంవల్ల ఒక సాయంత్రం 'బంగారం', 'వంతెన', 'పల్లె', 'ధర' అన్న మాటలు పదేసిమార్లు కంటబడతాయి. కాపీ పుస్తకంలో అదే మాటను పదిమార్లు వ్రాయమంటే పిల్లవాడి మొగం ఎట్లుంటుందో మీకు తెలియనిది కాదు.

ఖరీదైన విదేశీ పెట్టెను కొనమని నేను చెప్పను. పాత పెండ్లి పత్రికల అట్టలు చాలును. ఒక్కొక్క రకం చర్య ముక్కలు పదేసి, ఇద్దరాడితే సీమలు 8, ముగ్గురు నలుగురైతే 12. రాగి ధర సున్న, వెండి 3, బంగారం 6. అవి వరుసగా 1, 2, 3 నాణేలిస్తాయి. మొదటి వారం పల్లె, వంతెన, కార్ఖానా చాలు. రాతిగనినీ పెద్దబాటనూ తరువాత చేర్చండి. అట్టలమీది వాక్యాలను మీరు వ్రాయకండి, పిల్లలచేతనే వ్రాయించండి. తప్పు వ్రాసిన ముక్క ఆటలో తగవు పెడుతుంది, అప్పుడు వారే వచ్చి దిద్దమని అడుగుతారు.