పెట్టెలో జొన్నపిండి

విదేశానికి వెళ్లే పిల్లల పెట్టె సర్దడం ఇంటిల్లిపాదికీ పరీక్షే. విమానంలో ఒక్కో పెట్టెకు సాధారణంగా 23 కిలోలే. బట్టలు, పుస్తకాలు, ప్రెషర్ కుక్కర్ పోను మిగిలిన జాగా అంతా తిండిది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు ఇళ్లలో ఆ జాగాలోకి చేరేవి దాదాపు ఒకటే. మామిడికాయ తొక్కు, చింతపండు, ఎండు కారం, వేయించి దంచిన బుడ్డల పొడి. తూకం ఇంకా మిగిలితే రెండు కిలోల జొన్నపిండి.

'ఎందుకమ్మా, అక్కడ దొరుకుతది' అంటాడు కొడుకు. నిజమే, దొరుకుతుంది. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం జొన్న పంటకు పెట్టింది పేరు. కాకపోతే ఆ దేశంలో పండే జొన్నల్లో ఎక్కువ భాగం పశువుల దాణాకూ, ఇథనాల్ తయారీకీ, ఎగుమతికీ పోతాయి. మనిషి కంచంలోకి రావాలంటే మన సరుకుల దుకాణానికే వెళ్లాలి. ఆ పిండి మరపట్టి ఎన్నాళ్లయిందో తెలియదు. పాత పిండితో రొట్టె చేస్తే అంచులు విరుగుతాయని అవ్వలకు తెలుసు.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలోనూ, దాని పక్కనున్న వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల్లోనూ ఒకప్పుడు రోజూ తినేది జొన్నలే. రొట్టె, గటక, అంబలి. వరి అన్నం పండగకో, చుట్టం వస్తేనో. కరవు వచ్చినప్పుడు పాలమూరు జనం బొంబాయికీ, పుణెకూ, ప్రాజెక్టు పనులకూ వలస పోయింది కూడా జొన్నరొట్టెల మూట కట్టుకునే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక కథ మారింది. అన్నం రోజువారీ తిండయింది. రొట్టె ముసలివాళ్ల తిండయింది. ఆ తర్వాత షుగరు వచ్చినవాళ్ల తిండయింది.

అందుకే ఇప్పుడొక చిత్రమైన ఇబ్బంది. పరాయి దేశంలో ఒంట్లో బాగాలేని రోజున పిల్లాడికి రొట్టె, పచ్చిపులుసు మీదికి మనసు పోతుంది. అమ్మకు వీడియో కాల్ చేస్తాడు. అమ్మకు కూర చెప్పడం వచ్చు, రొట్టె కొట్టడం చేయి తిరగదు. 'ఉండు బిడ్డా, అవ్వకు ఇస్త' అంటుంది. అవ్వ ఫోను చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుతుంది. తెర మీద అవ్వ చెవి తప్ప ఏమీ కనిపించదు. అయినా చెప్పాల్సిందంతా చెబుతుంది. 'నీళ్లు మంచిగ మసలాలె. మసిలే నీళ్లే పిండిల పోయాలె.'

అవ్వ చెప్పిన దాంట్లో శాస్త్రం ఉంది. గోధుమల్లో గ్లూటెన్ ఉంటుంది, పిండిని సాగదీసి పట్టుకుంటుంది. జొన్నల్లో అది లేదు. మసిలే నీళ్లు పోస్తే పిండిలోని గంజి ఉడికి జిగురవుతుంది. ఆ జిగురే రొట్టెను విరగకుండా పట్టి ఉంచుతుంది. ముద్దను వేడి మీదే గట్టిగా పిసకాలి. అరచేత్తో చరుస్తూ తిప్పాలి. పెంక మీద వేశాక పైభాగాన్ని తడిగుడ్డతో తుడవాలి. అది ఆరగానే తిరగెయ్యాలి. కరెంటు పొయ్యి మీద మంట ఉండదు కాబట్టి నిప్పుల మీద పొంగించే మాట లేదు. మందపాటి ఇనుప పెనం బాగా కాగనిచ్చి, గుడ్డతో అంచులు అదిమితే చాలు, పొంగుతుంది.

పచ్చిపులుసుకు ఆ తిప్పలు కూడా లేవు. చింతపండు పులుసు, ఉల్లిపాయ ముక్కలు, కాల్చిన పచ్చిమిర్చి, ఉప్పు, కాస్త బెల్లం, వేయించిన నువ్వుల పొడి. మిర్చి కాల్చడానికి మంట లేకపోతే ఓవెన్ పైసెగ కింద పెట్టొచ్చు. తాలింపులో ఎండుమిర్చి మాత్రం జాగ్రత్త. పొగకు మోగే అలారం ఊరుకోదు, అపార్ట్‌మెంటంతా కిందికి దిగాల్సి వస్తుంది. ముందే కిటికీ తెరిచి ఫ్యాను వేసుకోవాలి. అంతేగానీ అలారం బ్యాటరీ మాత్రం పీకకూడదు.

అసలు చిక్కు స్నేహితులను భోజనానికి పిలిచినప్పుడు. అప్పుడు బిర్యానీ, పనీరు, గులాబ్ జామ్ తయారు. రొట్టె, పుంటికూర దాచిపెట్టుకుని రేపు ఒక్కడే తింటాడు. ఇది పేదోళ్ల తిండి, వాళ్లేమనుకుంటారో అని లోపల జంకు. వలస పోయిన తాత మూటలో దాచుకున్నది, చదువుకోవడానికి వెళ్లిన మనవడూ దాచుకుంటున్నాడు.

ఆ జంకు వదిలి ఒక్కసారి వడ్డిస్తే తెలుస్తుంది. రాయచూరు అమ్మాయి 'ఇది మా జోళద రొట్టి' అంటుంది. షోలాపూర్ అబ్బాయి 'మా భాకరీ' అంటాడు. సూడాన్ నుంచి వచ్చిన సహోద్యోగి ఉంటే, వాళ్లింట్లో జొన్నపిండిని పులియబెట్టి పల్చగా వేసే కిస్రా గురించి చెబుతాడు. పుంటికూరను బర్మావాళ్లు 'చిన్ బౌంగ్' అంటారు, మనలాగే ఇష్టంగా తింటారు. బిర్యానీ తిని అందరూ బాగుందంటారు. రొట్టె తింటే తమ ఇంటి సంగతులు చెప్పుకుంటారు.

చెప్పకుండా నలుగురు వచ్చి కూర్చుంటే ఉగ్గాని ఉండనే ఉంది. బొరుగులు నీళ్లలో ముంచి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లితే పదిహేను నిమిషాల పని. ఓపిక ఉంటే మిర్చి బజ్జీలు. గద్వాలలో పొద్దున హోటల్ ముందు నిలబడి తిన్నట్టే ఉంటుంది.

ఒక్క సంగతి మరవకూడదు. మన వంటలో బుడ్డలు, నువ్వులు లేని కూర అరుదు. ఇవి పడనివాళ్లకు ఒక్క ముద్ద కూడా ప్రాణం మీదికి తెస్తుంది. 2023 నుంచి అమెరికాలో ప్యాకెట్ల మీద నువ్వుల పేరు కూడా అలర్జీ సరుకుల్లో తప్పనిసరిగా రాయాలి. కాబట్టి 'తినండి, తినండి' అని బలవంతపెట్టే ముందు 'పల్లీలు, నువ్వులు మీకు పడతాయా' అని అడగడమే అసలైన మర్యాద.

పెట్టె విషయంలోనూ రెండు జాగ్రత్తలు. అమెరికాకు ఇక్కడి నుంచి పచ్చి కరివేపాకు తీసుకెళ్లనివ్వరు. నిమ్మ, నారింజ తోటలను పాడుచేసే తెగులు దానితోపాటు వస్తుందని భయం. చికెన్, మటన్ తొక్కులూ వద్దు. మిగతావి ఏమున్నా దిగగానే కస్టమ్స్ దగ్గర తిండి ఉందని తెలియజేయాలి. దాచి దొరికితే జరిమానా.

ఇంతకీ పెద్దవాళ్లు చేయాల్సిన పని ఒకటి మిగిలింది. వీసా వచ్చిన రోజు నుంచి విమానం ఎక్కే రోజు దాకా బజారు తిరగడానికే సరిపోతుంది. అందులో రెండు వారాలు, రోజుకో గంట, పిల్లనైనా పిల్లాడినైనా అవ్వ పక్కన పొయ్యి దగ్గర కూర్చోబెట్టండి. వీలైతే అమ్మ కూడా కూర్చోవాలి. మొదటి పది రొట్టెలు విరుగుతాయి, విరగనివ్వండి. పిండి అయిపోతే అక్కడ కొనుక్కోవచ్చు. నేర్పడానికి అవ్వ ఎల్లకాలం ఉండదు.