పోస్టర్లు చాలు, సాక్ష్యం కావాలి

సోషల్ మీడియా అంటే ఏమిటని మన యువతను అడిగితే లైకులు, ఫాలోవర్లు, రీల్స్ అంటారు. పెద్దలను అడిగితే కాలక్షేపం అంటారు. రెండు జవాబులూ సరిపోవని మేము అంటున్నాం. అది ఈనాటి రచ్చబండ. అక్కడ ఏది చర్చకు రావాలో, ఏది మరుగున పడాలో డబ్బు తీసుకుని తీర్చిదిద్దే వృత్తి ఒకటుంది. దాని పేరు ప్రజాసంబంధాలు, వాడుకలో పి.ఆర్. ఆ వృత్తి ఎలా పనిచేస్తుందో తెలియనివాడు దాని చేతిలో కీలుబొమ్మ అవుతాడు.

అది ఎంతకు దిగజారగలదో దక్షిణాఫ్రికా చూసింది. లండన్‌కు చెందిన బెల్ పాటింజర్ అనే పి.ఆర్. సంస్థ 2016లో గుప్తా సోదరుల కంపెనీ పని చేపట్టింది. మన దేశంలోని సహారన్‌పూర్ నుంచి వెళ్లి అక్కడ కోట్లకు పడగలెత్తిన కుటుంబం అది. వాళ్లపై వచ్చిన అవినీతి ఆరోపణల నుంచి జనం చూపు మళ్లించడానికి, నల్లజాతి పేదల నిజమైన ఆకలినే ఆయుధంగా వాడుకున్నారు. ఆ ప్రచారం జాతుల మధ్య చిచ్చు పెట్టేలా ఉందని తేల్చి, 2017 సెప్టెంబరులో బ్రిటన్ పి.ఆర్. సంఘమే ఆ సంస్థను వెలివేసింది. అదే నెలలో సంస్థ కుప్పకూలింది. కానీ రగిలిన ద్వేషానికి వెల కట్టిందెవరు?

ఇవే సాధనాలు మంచి చేతుల్లో పడితే ఏమవుతుందో చూడటానికి దూరం వెళ్లనక్కర్లేదు. కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల ప్రాంతంలో, పాకీ పనిచేసే తెలుగు దళిత కుటుంబంలో పుట్టినవారు బెజవాడ విల్సన్. అధికారులకు, మంత్రులకు, పత్రికలకు ఆయన ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. చాలా వాటికి జవాబు లేదు. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చాక, ఇంకా వాడకంలో ఉన్న పొడి మరుగుదొడ్ల ఫొటోలు తీసి బయటపెట్టారు. అవి పత్రికకెక్కాక గనుల యాజమాన్యం కదిలింది. సఫాయి కర్మచారి ఆందోళన్ ఇంటింటికీ తిరిగి సేకరించిన ఆధారాలతో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయిన వారి కుటుంబాలకు పది లక్షల చొప్పున ఇవ్వాలని 2014 మార్చిలో తీర్పు వచ్చింది. 2023లో మరో తీర్పు ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. ఇదంతా కూడా ప్రజాసంబంధాల పనే. దాని పెట్టుబడి కెమెరా, కాగితం, మొండితనం.

ఇప్పుడు మన సంఘాల పేజీలు తెరిచి చూడండి. పాస్టర్‌గారి పుట్టినరోజు పోస్టరు, నాయకుడికి శాలువా, సభకు ఫ్లెక్సీ. చెన్నైలో, బెంగళూరులో, భువనేశ్వర్‌లో తెల్లవారకముందే చీపురు పట్టే తెలుగువాళ్లు ఎందరో మన సహోదరులే. గ్లౌజులు ఇవ్వని కాంట్రాక్టరు గురించి, నెలల తరబడి ఆగిన జీతం గురించి ఆ పేజీల్లో ఒక్క మాటైనా ఉందా? ఉన్నా, అది తెలుగులోనే ఉంటుంది. మనమే రాసుకుని, మనమే ఆమెన్ అని పెడతాం. కార్పొరేషన్ కమిషనర్‌కు, అక్కడి విలేకరికి తెలుగు రాదు. తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ చదువుకున్న మన పిల్లలకు ఆ భాషలు వచ్చు. ఇంతకాలం వలస మిగిల్చిన లోటు అనుకున్నది నిజానికి మన బలం.

అందుకే డిజిటల్ మార్కెటింగ్ నేర్చుకుంటున్న, పి.ఆర్. ఉద్యోగాల్లో ఉన్న మన యువతను అడుగుతున్నాం. వారానికి ఒక గంట మీ కాలనీకి ఇవ్వండి. ఫొటో తీసేముందు ఆ మనిషి అనుమతి అడగండి. అతని ఉద్యోగం పోయే ప్రమాదముంటే ముఖం, పేరు దాచండి. తేదీ, చోటు రాసి పెట్టండి. అర్జీ నకలు, రసీదు భద్రం చేయండి. అధికారి చదివే భాషలో రాయండి. జవాబు రాకపోతే మళ్లీ రాయండి. ఎక్కడిదో తెలియని వీడియోను, మన పక్షాన ఉన్నా సరే, ఫార్వర్డ్ చేయకండి. అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞకు వాట్సాప్‌లో మినహాయింపు లేదు. ఒక్క అబద్ధం దొరికితే వంద నిజాలు చెల్లకుండా పోతాయి.

గొంతులేని వాళ్లమని ఇంకెన్నాళ్లు చెప్పుకుంటాం? మన ప్రతి ఇంట్లో ఒక ఫోను ఉంది. అందులో శాలువాల ఫొటోలు ఎలాగూ నిండిపోయాయి. కొంచెం చోటు ఖాళీ చేసి, చీపురు పట్టిన చేతులకు ఇద్దాం.