రెండో సీసా ఎవరిది?

కొన్నేళ్ల క్రితం మూసీ ఒడ్డున ఒక ఊరికి, గడ్డి కోసి అమ్ముకునే స్త్రీల శ్రమ గురించి తెలుసుకుందామని వెళ్లాను. వాళ్లు నాతో కూలి గురించి మాట్లాడింది తక్కువ, కాళ్ల గురించి మాట్లాడింది ఎక్కువ. మోకాళ్ల లోతు మురుగునీళ్లలో నిలబడి గడ్డి కోసే ఆ కాళ్ల నిండా దురదలు, మానని పుండ్లు. స్త్రీల సంఘం తరఫున ఫిర్యాదు చేద్దామనుకున్నాం. రుజువు కావాలి కదా అని ఒక ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో నది నీళ్లు నింపుకుని బస్సెక్కాం. అది ప్రయోగశాలకి చేరేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. అక్కడి అధికారి సీసా మూత కూడా తియ్యలేదు. "ఇది నమూనా కాదమ్మా, ఉత్త నీళ్లు" అన్నాడు.

ఆరోజు చాలా కోపం వచ్చింది. తర్వాత ఈ విషయం గురించి చదివితే ఆయన చెప్పింది నిజమేనని ఒప్పుకోవలసి వచ్చింది.

నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ని కొలవాలంటే గాలిబుడగ లేకుండా సీసా నింపి, నది ఒడ్డునే రసాయనాలు కలిపి దాన్ని స్థిరపరచాలి. బి.ఓ.డి. అంటే నీళ్లలోని సేంద్రియ మాలిన్యాన్ని విచ్ఛిన్నం చెయ్యడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్. ఆ పరీక్షకిచ్చే నీళ్లని ఐసులో, వెలుతురు తగలకుండా ఉంచి, ఒక రోజు లోపల పరీక్ష మొదలుపెట్టాలి. మలసంబంధమైన బాక్టీరియా కోసమైతే సీసాని ముందే స్టెరిలైజ్ చెయ్యాలి. లోహాలకి వేరే సీసా, అందులో నైట్రిక్ ఆమ్లం. అదే చోట, అదే సమయంలో రెండు సీసాలు నింపి రెండు ఫలితాలూ దగ్గరగా ఉన్నాయో లేదో చూడాలి. స్వచ్ఛమైన నీళ్ల సీసా ఒకటి నది దాకా తీసుకెళ్లి తెచ్చి పరీక్షించాలి. అందులో మాలిన్యం కనబడితే అది నదిది కాదు, మన చేతిదో సీసాదో. దీన్నంతటినీ కలిపి నాణ్యతా నియంత్రణ అంటారు. వేడి బస్సులో ప్రయాణం చేసిన మా సీసా వీటిలో ఏ ఒక్కదానికీ నిలబడదు. మన పక్షాన న్యాయం ఉంది కాబట్టి మన లెక్క కొంచెం అటూ ఇటూగా ఉన్నా ఫరవాలేదనుకుంటే, అది కాలుష్యం చేసేవాడికి మనం చేతులారా ఇచ్చే బహుమతి.

అయితే కథ ఇక్కడితో అయిపోలేదు. ఊరికి తిరిగివెళ్లి జరిగింది చెప్పినప్పుడు అరవై ఏళ్ల పెద్దావిడ ఒకామె ఇలా అంది: "సార్లు పదకొండు గంటలకు జీపుల వస్తరు బిడ్డా. వంతెన మీదికెల్లి బకెటిడిసి నీళ్లు తోడుకపోతరు. నల్లనీళ్లు కోడి కుయ్యకముందే పోతయి. ఇగ ఆళ్లకేం దొరుకుతది?"

ఇది కూడా నాణ్యతా నియంత్రణ గురించిన ప్రశ్నే. నది ప్రతి గంటకీ మారుతుంది. నగరం మేలుకునే వేళ మురుగు ఒక రకంగా ఉంటుంది, అర్ధరాత్రి ఇంకో రకంగా ఉంటుంది. నెలకొకసారి నమూనా తీస్తే ఏడాదిలో మనం చూసేది పన్నెండు క్షణాలు. అవన్నీ ఆఫీసు వేళల్లోని క్షణాలే అయితే, ప్రయోగశాల ఎంత జాగ్రత్తగా పనిచేసినా ఆ ఫలితం సీసాలోని నీళ్ల గురించి నిజం చెబుతుందే గానీ నది గురించి చెప్పదు.

ఏం కొలవాలో నిర్ణయించేదెవరన్నది మరో ప్రశ్న. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీళ్లని వాడకాన్ని బట్టి ఎ నుంచి ఇ వరకు అయిదు తరగతులుగా విభజించింది. స్నానానికి పనికొచ్చే నీళ్లు 'బి'. అక్కడ కోలిఫాం బాక్టీరియాకి పరిమితి ఉంది. సాగునీళ్లు 'ఇ'. అక్కడ చూసేది ఆమ్లక్షార గుణం, లవణాలు, సోడియం, బోరాన్. కోలిఫాం ఊసే లేదు. అంటే ఈ వర్గీకరణ దృష్టిలో సాగునీళ్లు పైరుకి మాత్రమే తగులుతాయి. ఆ నీళ్లలో దిగి గడ్డి కోసే, నాట్లు వేసే, ఆకుకూర కడిగి కట్టలు కట్టే మనిషి అందులో లేదు. ఆ పనులు ఎక్కువగా చేసేది స్త్రీలు. ఇంటిచాకిరీ దేశ ఆదాయం లెక్కల్లోకి రానట్టే, వాళ్ల కాళ్లు కూడా నీటి ప్రమాణాల్లోకి రాలేదు.

వెతకనిది దొరకదనడానికి పటాన్‌చెరు ఇంకో ఉదాహరణ. దాదాపు తొంభై మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే అక్కడి ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. బి.ఓ.డి. పరీక్ష ఎంత శ్రద్ధగా చేసినా అందులో యాంటీబయాటిక్ పేరు కనబడదు. దానికోసం వెతికారు కాబట్టి దొరికింది.

ఇక చట్టం సంగతి. 1974 నాటి జల కాలుష్య చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం, వ్యర్థజలం నమూనాని ఫ్యాక్టరీవాళ్ల సమక్షంలో రెండు భాగాలు చేసి, రెండు సీసాలకీ సీలు వేసి, ఇరుపక్షాలూ సంతకాలు చెయ్యాలి. ఒకటి మండలి ప్రయోగశాలకి వెళుతుంది. ఫ్యాక్టరీ కోరితే రెండోది మరో ప్రయోగశాలకి వెళుతుంది. ఈ పద్ధతి పాటించకపోతే ఆ ఫలితం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. నిందితుడికి ఈ రక్షణ ఉండాల్సిందే, నేను కాదనను. కానీ ఆ నీళ్లలో రోజూ దిగే మనిషికి ఈ తతంగంలో చోటెక్కడ? ఆమె సాక్షి కాదు, సంతకం పెట్టదు, ఆమె పేరు మీద ఏ సీసా లేదు.

స్త్రీల అనుభవమే శాస్త్రమని నేననడం లేదు. రంగూ వాసనా చూసి క్రోమియం ఎంతుందో ఎవరూ చెప్పలేరు. కానీ సీసా ఎక్కడ, ఏ గంటకి ముంచాలో చెప్పగలిగింది ఆ గడ్డి కోసే స్త్రీలే. అనుభవానికి పరీక్ష ఎంత అవసరమో, పరీక్షకి అనుభవం అంతే అవసరం.

అందుకని మన సంఘాలు రెండు పనులు చెయ్యాలని నా అభిప్రాయం. మొదటిది మన పని. సీసా ఎలా కడగాలి, ఐసుపెట్టె ఎలా సర్దాలి, చీటీ మీద చోటు, తేదీ, గంట, తీసినవాళ్ల పేరు ఎలా రాయాలి అన్నది నేర్చుకుని, ఊళ్లో స్త్రీలకి నేర్పాలి. ఏ గంటకి నీళ్లు ఏ రంగులో పారాయో రోజూ పుస్తకంలో రాయించాలి. రెండోది అడగాల్సింది. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. ఫలితాల పట్టిక ఒక్కటే అడిగి ఊరుకోకుండా నమూనా ఏ గంటకి తీశారు, ఎన్ని గంటలకి పరీక్ష మొదలైంది, జంట సీసాల ఫలితాలు ఎంత దగ్గరగా వచ్చాయి అని అడగాలి. స్త్రీల పుస్తకంలో రాసిన వేళల్లో నమూనాలు తియ్యమని, తీసేటప్పుడు ఊరి స్త్రీల చేత సంతకం చేయించమని పట్టుబట్టాలి.

ఆ అధికారి అన్న మాట నాకింకా గుర్తుంది. ఈసారి మనం తీసుకెళ్లేది ఉత్త నీళ్లు కాకూడదు. వాళ్లు తీసుకెళ్లేది ఉత్త పదకొండు గంటల నీళ్లు కాకూడదు.