లంక సేద్యము – సంఘపు అప్పు

గోదావరి ధవళేశ్వరమునకు దిగువను గౌతమి, వశిష్ఠ యను పాయలై చీలుననియు, వశిష్ఠనుండి వైనతేయము వేరగుననియు మన సభ్యులకు క్రొత్తగా జెప్పనక్కరలేదు. ఏటిగట్లకు లోపల, ఈ పాయల నడుమ నున్న లంకలలో కాపురముండి సేద్యము చేయువారిని గూర్చి ఈ మాసమున కొంత వ్రాయదలచితిమి. గట్టు వెలుపలనున్న మనలో పలువురు లంకపొలమును గూడ మనపొలమువంటిదే యని తలంచుచున్నారు. అప్పుల విషయమున వచ్చు చిక్కులన్నియు ఈ తలంపునుండియే పుట్టుచున్నవని మా యభిప్రాయము.

లంకకు తలయు తోకయు గలవు. ప్రవాహమున కెదురొడ్డు తల తరచుగా కోతకు లోనగును. నీరు నెమ్మదించుచోట ఒండ్రును ఇసుకయు దిగి తోక పెరుగును. ఏరు వంపు తిరిగినచోట వెలుపలి యొడ్డు విరిగిపడును, లోపలి యొడ్డు మేటవేయును. ఒక రైతు పోగొట్టుకొన్న మన్ను దిగువను వేరొకచోట తేలును. కాని యది అతనికి రాదు, ఏటిలో క్రొత్తగా లేచిన భూమి సర్కారుది. లంకలన్నియు నొక్కతీరువి కావు సుమా! 1852లో ముగిసిన ఆనకట్టను కాటన్ దొర పిచ్చుకలంక, బొబ్బర్లంక, మద్దూరులంకలను ఆనుకొనియే నాలుగు భాగములుగా గట్టించెను. దిగువనున్న చిన్న లంకలకు అంతటి స్థిరత్వ మెక్కడిది?

వశిష్ఠ పాయలోని ఊడిమూడిలంక, జి. పెదపూడిలంక, అరిగెలవారిపేట, బూరుగులంకల ప్రజలు ఏండ్ల తరబడి నీరు తగ్గినప్పుడు మట్టిబాటను, నీరు పెరిగినప్పుడు పడవను నమ్ముకొని బ్రతికిరి. 2022 జూలైలో భద్రాచలమువద్ద నీటిమట్టము 71 అడుగులు దాటినప్పుడు ఈ గ్రామములు జలదిగ్బంధమున జిక్కెను. 1986 ఆగస్టులో అది 75 అడుగులు మించినది. ధవళేశ్వరమున 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది యెగురవేయుదురు. మనకు మూడవది భయము. లంకవాసికి మొదటిదానికే పశువులను గట్టుకు తోలవలసిన పని పడును.

ఇక అప్పు సంగతి. పంటకు ఎకరమునకింత యని జిల్లాస్థాయి సంఘము ఏటేట నిర్ణయించును; దానికి మేము మారు చెప్పము. మేము చెప్పునది అదనును గూర్చి. వరికి తొలకరిలో పెట్టుబడి కావలెను. లంకలో మిరప, కూరగాయలు, పొగాకు పెట్టువానికి నీరు తీసి ఒండ్రు ఆరిన పిమ్మట గాని సొమ్ముతో పని లేదు. ఆషాఢమున పుచ్చుకొన్న పైకము ఆశ్వయుజమునాటికి ఇంటి ఖర్చులక్రింద పోయి, విత్తనము కొనుటకు మరల వడ్డీవ్యాపారి గడప త్రొక్కుట తటస్థించుచున్నది. రెండప్పులు, ఒక్క పంట! ఆ పంట అమ్మకమునకు రాకమునుపే మన గడువు వచ్చినచో సభ్యుడేమి చేయగలడు? కావున లంక సభ్యుని అప్పును వరద తీసిన పిదప నిచ్చి, గడువును వాని పంటనుబట్టి పెట్టుట న్యాయము.

రెండవది, కోత. దస్తావేజులో రెండెకరములని యుండును. ఒడ్డున ఎకరమున్నర యుండును. ఏటేట వరద తీసిన తరువాత, లంక నడుమ కదలని గుడినో రచ్చబావినో గురుతుగా బెట్టుకొని ఒడ్డువరకు గొలుసు పట్టి కొలిచి, ఆ కొలతను సంఘపు పుస్తకమున వ్రాసిపెట్టవలెనని మా కోరిక. ఇది రెవెన్యూవారి పని గదా, మనకేల యని కొందరందురు. వారి కొలత వారు చేయుదురు గాక. పోయిన భూమిమీద అప్పిచ్చి వసూలుకు తిరుగునది మనము. ఇందుకు పట్టునది ఒక దినము, నలుగురు మనుష్యులు.

వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ రెంటిని చర్చకు బెట్టవలెనని లంక సభ్యులు ఇప్పుడే వ్రాతమూలమున కోరవలసినదిగా మనవి. గట్టుమీది సభ్యులు తోడు సంతకము చేసినచో మరింత సంతోషింతుము.